డీజిల్ బండి రాకపోతే కాలనీ ఏం తింటుంది?

చిగురు | సోమవారం, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. మాది 200 ఇళ్ల కాలనీ, సుమారు 800 మందిమి. బంకుల దగ్గర క్యూలు మొదలై మూడు వారాలైంది. రోజూ వచ్చే కూరగాయల బండి ఇప్పుడు రోజు విడిచి రోజు వస్తోంది, అదీ సగం ఖాళీగా. కాలనీ మధ్యలో ఎకరం ఖాళీ జాగా ఉంది, నిండా పిచ్చిమొక్కలే. మొన్న సంఘం మీటింగులో ఊపులో లేచి "అక్కడ తోట వేద్దాం, మన తిండి మనమే పండించుకుందాం" అనేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక గుండె గుభేలుమంది. నేను ఇప్పటిదాకా పెంచింది బాల్కనీలో రెండు కుండీలు, అందులో ఒకటి ఎండిపోయింది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పాతనాగలి | సోమవారం, ఉదయం 7:15

ముందు ఆ పిచ్చిమొక్కలు తగలబెట్టకండి బాబూ. కోసి ఒక పక్కన కుప్ప వేయండి. ఎరువు అక్కడి నుంచే మొదలవుతుంది. మిగతాది తీరిగ్గా రాస్తా, నీళ్లు పెట్టే వేళయింది.

లెక్కలమాస్టారు | సోమవారం, ఉదయం 8:02

చిగురు గారూ, "మన తిండి మనమే" అన్న మాట మీటింగులో బాగానే ఉంటుంది, కాగితం మీద నిలబడదు. పెద్ద మనిషికి రోజుకి సుమారు 2,000 కిలోకేలరీలు కావాలి. 100 గ్రాముల ఆకుకూరలో ఉండేది 20, 25. అంటే ఆకుకూరతోనే కడుపు నింపుకోవాలంటే రోజుకి 8 నుంచి 10 కిలోలు నమలాలి. అదే ధాన్యమైతే 100 గ్రాములకి 350 దాకా వస్తుంది కాబట్టి 600 గ్రాముల లోపే సరిపోతుంది. మీ ఎకరం మొత్తం ధాన్యమే వేసినా, పంట బాగా పండినా, ఏడాది పొడుగునా ఐదారుగురి కడుపు నింపుతుందేమో. మిగిలిన 790 మంది మాటేమిటి?

ఒకమాటడుగుతా | సోమవారం, ఉదయం 8:20

నేనూ అదే అనబోయాను. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టుంది ఈ వ్యవహారం. ఇంతకంటే అందరూ తలో బస్తా ధాన్యం కొని దాచుకుంటే పోలేదా?

స్పానర్ | సోమవారం, ఉదయం 9:11

ఇద్దరూ సగమే చెబుతున్నారు. కడుపు లెక్క వేశారు, బండి లెక్క వేయలేదు. చమురు కరువులో ముందు దెబ్బ తినేది బండేగా.

నేను మెకానిక్‌ని, నా లెక్క చూడండి. అంకెలన్నీ ఉజ్జాయింపే, మీ చోటికి తగ్గట్టు మార్చుకోండి. మనిషికి రోజుకి 350 గ్రాముల ధాన్యం అనుకుంటే 800 మందికి ఏడాదికి 102 టన్నులు. 300 గ్రాముల కూరగాయలు అనుకుంటే 88 టన్నులు. బరువులు దగ్గరదగ్గరగానే ఉన్నాయి కదా. కానీ ధాన్యం చెడదు. పది టన్నుల లారీలో 11 ట్రిప్పుల్లో ఏడాది సరుకు దిగిపోతుంది. రైతు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడనుకోండి, రానూపోనూ 80. లారీ లీటరుకి 4 కిలోమీటర్లు ఇస్తే ట్రిప్పుకి 20 లీటర్లు. ఏడాది మొత్తానికి 220 లీటర్లు.

కూరగాయలు అలా కాదు. వాడిపోతాయి కాబట్టి రోజూ రావాలి. చిన్న బండి, రానూపోనూ 40 కిలోమీటర్లు, లీటరుకి 12. రోజుకి 3.3 లీటర్లు చొప్పున 365 రోజులకి 1,200 లీటర్ల పైమాటే. ధాన్యం తేవడానికి అయ్యే డీజిల్‌కి ఐదు రెట్లు! పైగా ఆ బండి మోసేదాంట్లో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. కూరగాయంటే అంతే కదా.

లెక్కలమాస్టారు | సోమవారం, ఉదయం 9:40

స్పానర్, ఈ కోణం నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. లెక్క ముందుకి నడుపుతా.

కొత్తవాళ్లు, జాగ్రత్తగా చేస్తే, చదరపు మీటరుకి ఏడాదికి 3 కిలోలు తీయగలరనుకుందాం. ఎకరం అంటే 4,000 చదరపు మీటర్ల పైచిలుకు, కాబట్టి 12 టన్నులు. 88 టన్నుల్లో ఏడో వంతు. కూరగాయలన్నీ అక్కడ వేయాలని చూస్తే దేనికీ చాలదు. కానీ మనిషికి రోజుకి 50 గ్రాముల ఆకుకూర చొప్పున 800 మందికి ఏడాదికి 14.6 టన్నులు. ఎకరానికి కాస్త అటూ ఇటూ.

బండి రోజూ రావలసి వచ్చేది ఎందుకు? ఎక్కువగా ఆకుకూర కోసమే, అదేగా సాయంత్రానికి వాడిపోయేది. దాన్ని కాలనీలోనే పండిస్తే దుంపలు, గుమ్మడి, ఉల్లి లాంటివి వారానికి రెండుసార్లు వస్తే చాలు. 365 ట్రిప్పులు 104 అవుతాయి. మిగిలేది సుమారు 870 లీటర్లు. ఆ ఎకరం మీ కడుపులు నింపదు, మీ బండిని ఆపుతుంది.

చిగురు | సోమవారం, ఉదయం 10:05

ఈ ఒక్క ముక్క మీటింగులో చెప్పి ఉంటే ఎంత బాగుండేది! అంటే ధాన్యం వేయొద్దు, ఆకుకూరలు వేయాలి, అంతేనా?

పాతనాగలి | సోమవారం, ఉదయం 10:30

అంతే. ధాన్యం మాకొదిలేయండి. కాకపోతే ఒక మాట. డీజిల్ తగ్గిన రోజున దుక్కి ట్రాక్టరు, నీటి మోటారు, నూర్పిడి యంత్రం, లారీ అన్నీ ఒకే డబ్బా మీద పోట్లాడుకుంటాయి. మీ 870 లీటర్లు మా దుక్కికి వస్తే మీకూ గింజ వస్తుంది. "అదునెరిగి సేద్యం" అని ఊరికే అనలేదు పెద్దలు. వాన పడ్డ నాలుగు రోజుల్లో దున్నకపోతే ఆ ఏడు పోయినట్టే. కూరగాయల బండి వారం ఆగినా లోకం మునిగిపోదు. దుక్కి వారం ఆగితే మునుగుతుంది.

ఒకమాటడుగుతా | సోమవారం, ఉదయం 10:48

ఎద్దులు లేవా?

పాతనాగలి | సోమవారం, ఉదయం 10:52

ఉన్నాయి, ఇంటికో జత ఉన్న రోజులు పోయాయి. ఎద్దు బంకుకెళ్లదు గానీ మేత తింటుంది. ఆ మేత కూడా నేలలోంచే రావాలి.

లెక్కలమాస్టారు | సోమవారం, ఉదయం 11:00

దానికి లెక్క ఉంది. అమెరికాలో 1915 ప్రాంతాల గుర్రాలు, కంచరగాడిదలు కలిపి 2.5 కోట్ల పైన ఉండేవి. పంట భూమిలో దాదాపు నాలుగో వంతు వాటి మేతకే పోయేది. ఎద్దుల్ని తెచ్చినంత మాత్రాన ఇంధనం ఖర్చు పోదు, పొలంలోకి మారుతుంది.

ఇక మనిషి సంగతి. లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల (కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే) శక్తి ఉంటుంది. ఇంజను దాంట్లో పావు వంతు, మహా అయితే మూడో వంతు పనిగా మారుస్తుంది. మనిషి రోజంతా ఒళ్లు వంచినా చేసేది సుమారు 0.6 యూనిట్లు. అంటే ఒక్క లీటరు నాలుగైదు రోజుల కూలీతో సమానం. బంకు దగ్గర ఒక సీసా పట్టుకుని చూస్తే ఇది గుర్తు రాదు.

క్యూబా_ముచ్చట | సోమవారం, మధ్యాహ్నం 1:17

ఇంత లెక్కలెందుకండీ, చేసి చూపించిన దేశం ఉండగా? 1991లో సోవియట్ యూనియన్ కూలగానే క్యూబాకి చమురు సగానికి పైగా పడిపోయింది, ఎరువులూ పురుగుమందులూ దాదాపు ఆగిపోయాయి. హవానాలో ఖాళీ స్థలాలన్నీ తోటలైపోయాయి. కాంక్రీటు నేల మీద మడులు కట్టి, మట్టీ ఎరువూ నింపి ఆకుకూరలు పండించారు. చైనా నుంచి పది లక్షలకి పైగా సైకిళ్లు తెప్పించారు. వాళ్లు చేసినప్పుడు మనం చేయలేమా?

ఒకమాటడుగుతా | సోమవారం, మధ్యాహ్నం 1:40

ఈ కథ ఎప్పుడూ సగం దగ్గరే ఆపేస్తారు. ఆ ఏళ్లలో జనం సగటున నాలుగైదు కిలోలు చిక్కిపోయారు. 1991, 93 మధ్య 50,000 మందికి పైగా నరాల జబ్బు పాలయ్యారు, చాలామందికి చూపు మందగించింది. బి విటమిన్లు చాలని తిండి దానికి పెద్ద కారణం. పైగా ఆ తోటలన్నీ ఉన్నా ఇవాళ్టికీ ఆ దేశం తినే తిండిలో ఎక్కువ భాగం దిగుమతే.

క్యూబా_ముచ్చట | సోమవారం, మధ్యాహ్నం 2:05

అవన్నీ నిజమే, కాదనను. కానీ ఆ తోటలు కూడా లేకపోతే ఇంకెలా ఉండేదో చూడాలంటే ఉత్తర కొరియా వైపు చూడండి. అదే సోవియట్ చమురు, అదే దశాబ్దం, ట్రాక్టర్లు ఆగాయి, ఎరువులు ఆగాయి, వరదలు కూడా తోడయ్యాయి. అక్కడ కరువుకి లక్షల్లో చనిపోయారు.

గింజలసంచి | సోమవారం, మధ్యాహ్నం 3:30

మీరిద్దరూ దేశాలు తిరిగొచ్చేలోపు నేను విత్తనాల సంగతి చెబుతా. చిగురు తమ్ముడూ, తోట అనగానే అందరూ ప్యాకెట్ విత్తనాలు కొంటారు. వాటిలో చాలావరకు హైబ్రిడ్. మొదటి పంట కళ్లు చెదిరేలా ఉంటుంది. ఆ గింజలే దాచి మళ్లీ వేస్తే ఒక్కో మొక్క ఒక్కో దారి పడుతుంది. ప్యాకెట్ తెచ్చే బండి కూడా డీజిల్ తోనే నడుస్తుందని మరచిపోవద్దు.

విత్తనం కట్టడం నేర్చుకోవాలంటే బీన్స్, టమాటా, బఠాణీలతో మొదలుపెట్టండి. వాటిలో ఏ పువ్వు పని ఆ పువ్వే చూసుకుంటుంది, పక్క రకంతో కలవడం అరుదు. గుమ్మడి, మొక్కజొన్న జోలికి ఇప్పుడే పోవద్దు. పక్కింటి గుమ్మడి పుప్పొడి తేనెటీగ మోసుకొస్తే మరుసటేడు మీ పాదుకి ఏం కాస్తుందో ఎవరూ చెప్పలేరు. నా పాదుకి ఒకసారి చేదు కాయ కాసింది. కుండెడు కూర పారబోశాను. చేదుగా ఉంటే తినకండి, అది ఒట్టి రుచి తేడా కాదు, విషం.

ఇక దాచడం. గింజలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. దాచిన చోట వేడి 5 డిగ్రీలు తగ్గినా అంతే. బాగా ఎండిన గింజ, బిగుతు మూత, చీకటి మూల, ఇంతే రహస్యం. ఉల్లి విత్తనం ఏడాది దాటితే నమ్మకండి, టమాటా నాలుగైదేళ్లు ఆగుతుంది. వేసే ముందు పది గింజలు తడిగుడ్డలో చుట్టి వారం చూడండి. ఆరు మొలిస్తే కాస్త ఒత్తుగా చల్లండి. మూడే మొలిస్తే ఎవరినైనా గింజలు అడగండి, సిగ్గుపడకండి.

స్పానర్ | సోమవారం, సాయంత్రం 5:10

అక్కా, ఎరువు సంగతి కూడా ఎవరైనా చెప్పండి. యూరియా చమురుతో చేస్తారు కాబట్టి అదీ ఆగుతుంది అంటున్నారు.

లెక్కలమాస్టారు | సోమవారం, సాయంత్రం 5:45

చిన్న సవరణ. యూరియాకి ముడిసరుకు ఎక్కువగా సహజవాయువు, కొన్నిచోట్ల బొగ్గు. ముడిచమురు కాదు. గాలిలో నత్రజనిని అమ్మోనియాగా మార్చే పద్ధతి జర్మనీలో 1913లో ఫ్యాక్టరీ స్థాయికి వచ్చింది. ఇవాళ లోకంలో దాదాపు సగం మంది తినే తిండి దాని మీదే ఆధారపడి ఉంది. అయితే చమురు సంక్షోభం వస్తే గ్యాసు ధర కూడా తోకలా వెనకే వస్తుంది, ఎరువు మోసే లారీ సరేసరి. మీ ఆందోళన సరైనదే, దారి వేరు.

ఇంకో హెచ్చరిక. రసాయన ఎరువు ఒక్క దెబ్బకి మానేయమని ఎవరికీ చెప్పకండి. శ్రీలంక 2021 ఏప్రిల్‌లో దిగుమతులు నిషేధించింది, నవంబరుకల్లా వెనక్కి తీసుకుంది. అప్పటికే వరి పంట బాగా దెబ్బతింది. 2022 జూన్‌లో, ఇంధనం అడుగంటాక, ఇళ్ల దగ్గర పంటలు వేసుకోమని ప్రభుత్వ ఉద్యోగులకి శుక్రవారం సెలవిచ్చారు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడం అంటే అదే.

పాతనాగలి | సోమవారం, రాత్రి 7:20

మీ ఎకరానికి యూరియా బస్తా అక్కర్లేదు. 200 ఇళ్ల తడిచెత్త ఎక్కడికి పోతోంది? అది ఆపండి. ఒక వంతు పచ్చిది, అంటే వంటింటి తుక్కు. రెండు మూడు వంతులు ఎండాకు, కోసిన పిచ్చిమొక్కలు. మనిషి నడుమెత్తు కుప్ప వేసి, గుప్పిట పిండితే చెయ్యి చెమ్మగిల్లేంత తడి ఉంచండి. మూడో రోజుకి లోపల చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే సరిగ్గా పడ్డట్టు. కంపు కొడితే పచ్చి ఎక్కువైంది, ఎండాకు వేసి తిరగెయ్యండి. వేడే రాకపోతే ఎండు ఎక్కువైంది, లేదా కుప్ప చిన్నది.

స్పానర్ | సోమవారం, రాత్రి 7:41

దాంతోపాటు ఇంకోటుంది గానీ ఆడవాళ్లు కూడా చదివే చోట రాయొచ్చో లేదో.

గింజలసంచి | సోమవారం, రాత్రి 7:44

మూత్రం గురించేగా, రాయి నాయనా. ఇక్కడ మూత్రం పోయనివాళ్లు ఎవరున్నారు?

స్పానర్ | సోమవారం, రాత్రి 8:15

😄 సరే. ఒక మనిషి ఏడాదికి పోసే మూత్రంలోని నత్రజని 300, 400 చదరపు మీటర్ల పంటకి సరిపోతుంది. మీ ఎకరానికి డజను మంది దాతలు చాలు! పదింతల నీళ్లు కలిపి మొక్క మొదట్లో పోయాలి, ఆకు మీద కాదు. డబ్బా మూత తెరిచి ఉంచితే నత్రజని గాలికి పోతుంది, ఇరుగుపొరుగు కూడా పోతారు. పది ఇళ్లది కలిపితే మాత్రం మూత బిగించి ఆరు నెలలు నిల్వ ఉంచాకే వాడాలి. చివరిసారి పోసిన దగ్గర్నుంచి కోతకి నెల గడువుండాలి. ఆకుకూర నెలకే కోతకొస్తుంది కాబట్టి విత్తే ముందే నేలకి పట్టించాలి.

ఒకమాటడుగుతా | సోమవారం, రాత్రి 8:22

ఈ తీర్మానం సంఘం మీటింగులో ఎవరు చదువుతారో చూడాలని ఉంది.

చిగురు | సోమవారం, రాత్రి 8:30

నేను మాత్రం కాదు.

వంటింటిశాస్త్రం | మంగళవారం, ఉదయం 6:10

రాత్రంతా మీరు పండించారు, వండేదెవరు? దేనితో? చమురు లేకపోతే గ్యాసుబండ మాత్రం టైముకొస్తుందా? ధాన్యం, పప్పులు బస్తాల్లో ఉన్నా ఉడికించలేకపోతే పస్తే.

మా ఇంట్లో చేసేది చెబుతా. గిన్నె మరిగాక దించి, ఎండుగడ్డి గానీ పాత దుప్పట్లు గానీ కూరిన పెట్టెలో పెట్టి మూసేస్తా. మూడు నాలుగు గంటల్లో అదే ఉడుకుతుంది. పొయ్యి మీద ఉండేది పది, పదిహేను నిమిషాలు. గింజలు రాత్రే నానబెట్టాలి. ఒక్క జాగ్రత్త. ఎర్ర రాజ్మా లాంటి గింజల్ని నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్లకాచి అప్పుడే పెట్టెలో పెట్టాలి. మరగకుండా గోరువెచ్చగా నానుతూ ఉడికితే వాటిలో విషపదార్థం చావదు, వాంతులు తప్పవు.

ధాన్యం బస్తాలు తెచ్చాక దాచడం కూడా వంటింటి పనే. ఎండిన సీసాలో పొడి ఉప్పు, గుప్పెడు గింజలు వేసి బాగా కుదిపి పది నిమిషాలు ఆగండి. ఉప్పు గోడకి అంటుకుంటే గింజలో తేమ ఉన్నట్టే, మళ్లీ ఎండబెట్టాలి. ఉప్పు పొడిగా రాలితే గాలి దూరని డబ్బాలో నింపేయండి. లోపల గాలి అయిపోయి ముక్కపురుగు దానంతటదే చస్తుంది. రోజూ మూత తీసి చూడకండి. మా ఆయన అలాగే చూసి పురుగుల్ని బతికించారు.

కూలిన_తోట | మంగళవారం, ఉదయం 9:25

నాలుగేళ్ల కిందట మేమూ మొదలుపెట్టాం కాబట్టి చేదుమాట నేనే చెబుతా. తొలి ఆదివారం 40 మంది పారలు పట్టుకొచ్చారు. ఫోటోలు దిగాం. మూడో నెలకి ఆరుగురం మిగిలాం. తోటంతా అందరిదీ అన్నాం, కాబట్టి నీళ్లు పెట్టడం ఎవరిదీ కాలేదు. కోత రోజు మాత్రం 40 మందీ వచ్చారు. ఒకావిడ మొక్కలు వేళ్లతో సహా పీక్కెళ్లింది, "అందరిదీ అన్నారుగా" అంది. ఆమెదీ తప్పు కాదు, మేం అలాగే చెప్పాం మరి.

మళ్లీ చేస్తే ఒక్కో మడి ఒక్కో ఇంటి పేరు మీద రాస్తాను. నీటి వంతు, సెలవుల్లో ఎవరు చూడాలి అన్నది గోడ మీద రాస్తాను. పది మడుల్లో ఒకటి పని చేయలేని ముసలివాళ్లకి, అద్దెకుండేవాళ్లకి విడిచిపెడతాను. చిగురు గారూ, అద్దెవాళ్లని మర్చిపోకండి. మొదటి మీటింగుకి వాళ్లని పిలవరు, చివరికి పారలు పట్టేది వాళ్లే.

క్యూబా_ముచ్చట | మంగళవారం, ఉదయం 10:02

యుద్ధకాలంలో జనం మాత్రం నిలిచారు. 1943లో అమెరికాలో దాదాపు 2 కోట్ల ఇంటితోటలు ఉండేవి. తినే తాజా కూరగాయల్లో 40 శాతం వాటి నుంచే వచ్చిందని అంచనా.

ఒకమాటడుగుతా | మంగళవారం, ఉదయం 10:15

యుద్ధం అయిపోగానే చాలామంది మానేశారు. తోట నిలవాలంటే కరువు నిలవాలా?

కూలిన_తోట | మంగళవారం, ఉదయం 10:20

మనిషి చేతికి అలవాటు మిగులుతుంది. మా ఆరుగురిలో నలుగురం ఇవాళ్టికీ ఇంట్లో ఆకుకూర కొనం.

పాతనాగలి | మంగళవారం, ఉదయం 11:30

ధాన్యం సంగతి ఎవరూ తేల్చలేదు. "అందరూ బస్తా కొని దాచుకోండి" అన్నారు ఒకమాటడుగుతా గారు. కరువొచ్చాక అందరూ ఒకేసారి కొనడానికి వస్తే ధర రెక్కలు కట్టుకుంటుంది, బస్తా కొనలేనివాడి గతేంటి? బండికి అందే దూరంలో ఉన్న రైతులతో విత్తకముందే ఒప్పందం చేసుకోండి. సగం డబ్బు విత్తే రోజు, సగం కల్లంలో. పంట పోతే నష్టం ఇద్దరిదీ. జపాన్‌లో 1970ల నుంచే ఇలా ఇళ్లవాళ్లూ రైతులూ జట్టు కట్టిన పద్ధతి ఉంది, వేరే దేశాల్లోనూ సాగుతోంది. మీరు అడ్వాన్సు ఇస్తే నేను వడ్డీవాడి గుమ్మం ఎక్కను. డీజిల్ తక్కువున్న ఏడు మీ గింజ మీ గుమ్మానికే ముందొస్తుంది.

ఒకమాటడుగుతా | మంగళవారం, మధ్యాహ్నం 12:10

ఇదైతే నాకు నచ్చింది. ఇంత రాసి మొట్టమొదట మంచిమాట నేనంటున్నాను, గుర్తుపెట్టుకోండి. 2000 సెప్టెంబరులో బ్రిటన్‌లో లారీవాళ్లు, రైతులు చమురు డిపోలు దిగ్బంధించారు. కొన్ని రోజుల్లోనే బంకులు ఖాళీ, దుకాణాల్లో రొట్టె, పాలు అయిపోతాయన్న హెచ్చరికలు. అంత పెద్ద దేశంలో దుకాణాలు ఎంత తక్కువ సరుకు దగ్గర పెట్టుకుని నడుస్తున్నాయో అప్పుడు బయటపడింది. కాలనీలో రెండు నెలల ధాన్యం ఉంటే చాలు, మనం తొందరపడి తప్పులు చేయం.

లెక్కలమాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 12:25

రెండు నెలలంటే 17 టన్నులు. రెండు లారీలు. రెండు పెద్ద గదులు చాలు, ఎలుకల సంగతి చూసుకోండి.

గింజలసంచి | మంగళవారం, మధ్యాహ్నం 2:00

విత్తే ముందు మట్టి పరీక్ష మానకండి. ఒకప్పుడు పెట్రోలులో సీసం కలిపేవారు. లోకంలో బండ్లకి ఆ పెట్రోలు పోయడం పూర్తిగా ఆగింది 2021లోనే. రోడ్డు పక్క మట్టిలో ఆ సీసం ఇంకా ఉంటుంది, ఎక్కడికీ పోదు. చమురు లేక తోట వేస్తే ఆ చమురు వదిలిన విషమే ఆకులో తినాల్సొస్తుంది. రోడ్డు వైపు పది అడుగులు పూలమొక్కలకి వదిలేయండి.

చిగురు | బుధవారం, ఉదయం 7:05

ఇవాళ ఉదయం ఆరుగురం పారలతో వెళ్లాం. నాలుగు చోట్ల తవ్వి చూశాం. రెండు చోట్ల జానెడు లోతు మంచి నల్లమట్టి. మిగతా రెండు చోట్ల బెత్తెడు తవ్వగానే ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు. ఎప్పుడో కట్టడాల చెత్త పోసినట్టున్నారు. అంటే సగం స్థలం పోయినట్టేనా? మట్టి పరీక్షకి రెండు వైపుల నుంచీ పంపాం. పిచ్చిమొక్కల కుప్ప మాత్రం నడుమెత్తు లేచింది. అద్దెకుండే ఒకాయన కొడవలి పట్టిన తీరు చూస్తే, నాయకుణ్ణి ఆయన్నే పెట్టాలనిపించింది.

పాతనాగలి | బుధవారం, ఉదయం 7:20

ఎక్కడికి పోతుంది? పెళ్లలున్న చోట మడులు పైకి కట్టండి, తీసిన ఇటుకలే అంచుకి పెట్టుకోండి. మోకాలెత్తు చాలు. నింపడానికి మట్టి ఎంత కావాలో మాస్టారిని అడగండి, కొనకముందే.

లెక్కలమాస్టారు | బుధవారం, ఉదయం 7:48

మడి పొడుగెంత, వెడల్పెంత? వెడల్పు నాలుగడుగులు దాటనీయకండి, రెండు వైపుల నుంచీ చెయ్యి అందాలి.

చిగురు | బుధవారం, ఉదయం 7:55

టేపు తీసుకుని మళ్లీ వెళ్తున్నా.